కావిడికి ఎన్ని కిలోలు? మన సంతల్లోకి సెల్ ఫోన్ వచ్చిన చరిత్ర



అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పోస్టు పెద్దదే. బస్సులో కూర్చున్నప్పుడో, హాస్టల్‌లో కరెంటు ఉన్నప్పుడో నిదానంగా చదవండి.

ఇప్పుడు ఏ కాలేజీకి వెళ్లినా ఒక మీటింగు తప్పకుండా ఉంటోంది. "ఇంటర్నెట్ వచ్చింది, సోషల్ మీడియా వచ్చింది, ఇక దళారులు పోతారు, ఎవరికి వారే వ్యాపారి అయిపోవచ్చు" అంటారు. స్లైడు మీద ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వుతూ ఉంటాడు. మనం చప్పట్లు కొట్టి వచ్చేస్తాం. ఆ మాటలో ఎంత నిజం ఉందో తెలుసుకోవాలంటే స్లైడు చూస్తే సరిపోదు, మన సంత చూడాలి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, పాచిపెంట, మందస, ఇక్కడి కొండల మీద సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు వందేళ్లకు పైగా సరుకు అమ్ముతూనే ఉన్నారు. అంటే మనకి వ్యాపారం కొత్త కాదు. ధర ఎవరి చేతిలో ఉంది, లెక్క ఎవరి పుస్తకంలో ఉంది, ఈ రెండే మన వ్యాపార చరిత్ర అంతా. ఫోను వచ్చాక ఈ రెండింటిలో ఏది మారింది, ఏది మారలేదు అన్నదే ఇక్కడ మనం చూద్దామనుకుంటున్నాం.

ముందు పాత సంత సంగతి. తాతలు చెప్పేది మనందరం విన్నదే. తెల్లారకముందే కావిడి భుజాన వేసుకుని కొండ దిగేవారు. కావిడి ఈ చివర గంపలో చింతపండు, ఆ చివర గంపలో కందులో పసుపో. వెళ్లేటప్పుడు సరుకు, వచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, బట్ట. ఉప్పు కొండ మీద పండదు కదా, అందుకని సంతకి వెళ్లకుండా ఉండడం ఎవరి వల్లా కాదు. షావుకార్లకి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లలో కొంతమంది సంతలో కూర్చునేవారే కారు, దారికి ఎదురొచ్చి గెడ్డ దగ్గరే కాసుకునేవారు. "ఏటి, సంత దాకా ఎందుకు మొయ్యడం, ఇక్కడే దించీ" అని గంప దింపించేసేవారు. సంతలో ఇవాళ ఏ రేటు నడుస్తోందో మనవాడికి తెలిసేలోపే సరుకు చేతులు మారిపోయేది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ సరుకు చాలాసార్లు అప్పటికే అమ్ముడైపోయి ఉండేది. వానాకాలంలో కొండ మీద గింజ ఉండదు. జీలుగు జావ, మామిడి టెంక అంబలి తాగి గడిపిన నెలలవి. ఆ నెలల్లో షావుకారు ఒక కుంచం ధాన్యం ఇచ్చి, మాఘమాసంలో వచ్చే చింతపండు తనకే వెయ్యాలని మాట తీసుకునేవాడు. పుస్తకంలో రాసుకునేది అతను, వేలిముద్ర వేసేది మనం. ఆ పుస్తకం మన ఇంట్లో ఎప్పుడూ లేదు. తీరని అప్పు కింద కొడుకుని కంబారిగా పెట్టిన ఇళ్లు ఉన్నాయి, పల్లం భూమి రాసిచ్చేసిన ఇళ్లు ఉన్నాయి.

ఇదేమీ ఎవరికీ తెలియని సంగతి కాదు, తెల్లదొరలకి కూడా తెలుసు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. గిరిజనుడి అప్పు మీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ వెయ్యకూడదు, చక్రవడ్డీ కూడదు, అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి మారకూడదు అని అందులో ఉంది. కాగితం మీద చాలా మంచి చట్టం. వడ్డీ ఎంత పడిందో చూడాలంటే పుస్తకం చూడాలి, పుస్తకం షావుకారి పెట్టెలో ఉంది, అక్కడితో చట్టం ఆగిపోయింది. స్వతంత్రం వచ్చాక 1960లో లైసెన్సు లేని వడ్డీ వ్యాపారం కుదరదని మరో రెగ్యులేషన్ వచ్చింది. దాని గతీ అంతే.

1956లో విశాఖపట్నం కేంద్రంగా మన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, పుట్టింది. ఈ సంస్థ గురించి మనవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుకుంటారు, రెండూ నిజమే. ఒక చేత్తో చింతపండు, కుంకుళ్లు, కరక్కాయ, నరమామిడి చెక్క, తేనె, కొండచీపుళ్లు కొనడం, ఇంకో చేత్తో డీఆర్ డిపోలో బియ్యం, ఉప్పు, నూనె అమ్మడం. షావుకారు చేసే రెండు పనులనీ ప్రభుత్వమే చేస్తుందన్న మాట. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ధర ముందే ప్రకటించి బోర్డు మీద రాసిపెట్టడం మన కొండల్లో అదే మొదలు. చదవడం వచ్చినవాళ్లు ఊరికి ఒక్కరు కూడా లేని రోజులవి, అయినా బోర్డు బోర్డే. 1979లో వచ్చిన రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు జీసీసీ ఒక్కదానికే దక్కింది. ప్రైవేటు వ్యాపారి దోపిడీ తగ్గించడానికే ఆ గుత్తహక్కు. కానీ ఒక్కడే కొంటే వాడు చెప్పిందే రేటు, అది ప్రభుత్వమైనా సరే. కొన్ని సీజన్లలో బయట రేటు ఎక్కువ ఉన్నా మనవాళ్లు బయటికి అమ్మకూడదు, అమ్మితే దొంగసరుకు.

మధ్యలో జరిగింది చెప్పకుండా ముందుకు పోలేం. శ్రీకాకుళ గిరిజనోద్యమం అనగానే అందరికీ తుపాకులు గుర్తొస్తాయి. మొదలైంది మాత్రం రేటు దగ్గర, కూలి దగ్గర, అప్పు దగ్గర. బడి పంతులుగా వచ్చిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం గిరిజన సంఘంలో పనిచేసిన రోజుల్లో అడిగినవి ఏమిటో చూడండి: పాలేరు జీతం పెంచాలి, లాక్కున్న భూమి ఇవ్వాలి, అటవీ సరుకుకి గిట్టుబాటు రేటు ఇవ్వాలి, దొంగ అప్పులు కొట్టెయ్యాలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం మహాసభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది, 1968లో నిందితుల్ని కోర్టు వదిలేసింది. ఆ ఏడాది నవంబరు 25న పెదగొత్తిలిలో జనం ఒక షావుకారు ఇంటి మీద పడ్డారు. ధాన్యం తీసుకున్నారు, దాంతోపాటు ప్రోనోట్లు కూడా పట్టుకుపోయారు. ధాన్యం సంగతి ఆకలి ఉన్నవాడికి ఎవరికైనా అర్థమవుతుంది. ప్రోనోట్ల సంగతి మనకే ఎక్కువ అర్థమవుతుంది, ఎందుకంటే మన లెక్క రాసి ఉన్న కాగితం మొదటిసారి మన చేతికొచ్చింది ఆ రోజే. 1970 ఫిబ్రవరిలో 1/70 రెగ్యులేషన్ వచ్చింది, జులై 10న సత్యం, కైలాసం చనిపోయారు. చట్టం ముందా, ఉద్యమం ముందా అని వాదించేవాళ్లని తారీఖులు చూసుకోమనండి.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు గబగబా దాటేద్దాం. ఐటీడీఏలు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, మనలాంటివాళ్లం చదువుకున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయం ఏరుకుని అమ్ముకునే యాజమాన్య హక్కు మనదేనని రాసింది. 2013-14లో కేంద్రం అటవీ సరుకుకి కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. 2020 మే నెలలో 49 రకాలకి ధరలు సవరించారు. గింజ ఉన్న చింతపండు కిలో 36 రూపాయలు, అడవి తేనె కిలో 225 రూపాయలు అని అందులో ఉంది. లాక్‌డౌన్‌లో హాస్టళ్లు మూసేస్తే ఊళ్లకి వచ్చేసిన మనలో చాలామందికి ఆ జాబితా పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వచ్చింది. ఒకప్పుడు జీసీసీ డిపో గోడ మీద మాత్రమే కనిపించే ధర, సిగ్నల్ దొరికే బండ మీద కూర్చున్నవాడి జేబులోకి వచ్చింది. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ మన చరిత్రలో అది చిన్నది కాదు.

ఫోను కథ 2016 దగ్గర మలుపు తిరిగింది. ఆ ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, సెప్టెంబరులో జియో వచ్చింది, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఒక్క ఏడాదిలో మూడూ. దానికి ముందే రేషన్ షాపుల్లో ఈ-పాస్ మిషన్లు వచ్చాయి. వేలిముద్ర పడటానికి సిగ్నల్ కోసం డీలరూ జనమూ కలిసి కొండెక్కిన ఊళ్లు మన దగ్గర ఎన్నో. ఇప్పటికీ కొన్ని గూడల్లో టవరు లేదు, ఫలానా చింతచెట్టు కింద నిలబడితేనే మాట వినిపిస్తుంది. అందుకని "ఇంటర్నెట్ వచ్చింది" అన్న మాటని మన కొండల్లో ఊరు పేరుతో కలిపి చెప్పాలి.

ఇక ఫోను వల్ల రేటు పెరుగుతుందా? దీని మీద ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది, అది మన దేశంలోదే. ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్ టవర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి చేపల రేవులని పరిశీలించి 2007లో రాశాడు. ఫోను లేనప్పుడు ఒక రేవులో కవళ్లు (మత్తి చేపలు) కొనేవాడు లేక పారబోసేవారు, పక్క రేవులో అదే రోజు దొరక్క రేటు మండిపోయేది. ఫోను వచ్చాక పడవ సముద్రంలో ఉండగానే ఏ రేవుకి వెళ్లాలో తేల్చుకున్నారు. పారబోత దాదాపు పోయింది, మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. మీటింగుల్లో చెప్పేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు.

మనం ఇంకొక్క అడుగు వెయ్యాలి. ఆ జాలరి దగ్గర పడవ ఉంది. ఫోను రేటు చెప్పింది, పడవ ఆ రేటు దగ్గరికి తీసుకెళ్లింది. మన దగ్గర ఉన్నది కావిడి. సీతంపేటలో అనాస రేటు పడిపోయింది, పలాసలోనో విశాఖలోనో బాగుంది అని ఫోను చెబుతుంది, నిజమే. కావిడి వేసుకుని విశాఖ నడవలేం కదా. ఆటోకి, వ్యానుకి ఒక్కరి సరుకు చాలదు, పదిమంది సరుకు ఒకే రోజు కొయ్యాలి. పదిమందీ ఒకే రోజు కొయ్యాలంటే ఆ పదిమందిలో ఎవరూ ముందే షావుకారు దగ్గర డబ్బు తీసుకుని ఉండకూడదు.

సరుకుని బట్టి కూడా తేడా వస్తుంది. చింతపండు, కొండచీపురు, పసుపు నిలవ ఉంటాయి. రేటు బాగాలేదని ఫోనులో చూస్తే నెల రోజులు అటక మీద పెట్టుకోవచ్చు, ఇంట్లో బియ్యం ఉంటే. వీటి విషయంలో ఫోను నిజంగా పనికొస్తోంది. అనాస, సీతాఫలం మాత్రం ఆగవు. సీతాఫలం ఇవాళ గట్టిగా ఉంటే ఎల్లుండికి మెత్తబడిపోతుంది. మధ్యాహ్నం దాటిందంటే సంతలో రేటు కొనేవాడి నోట్లోకి వెళ్లిపోతుంది, చేతిలో ఎంత ఖరీదైన ఫోను ఉన్నా అంతే. మన కొండల్లో శీతల గిడ్డంగి గురించి మాట్లాడకుండా డిజిటల్ మార్కెట్ గురించి మాట్లాడేవాళ్లని చూస్తే మనకి కొంచెం ఒళ్లు మండుతుంది.

అసలు సంగతి ఇప్పుడు. మన అనాస, సీతాఫలం సంతలో దేనికింత అని అమ్ముతారు? కావిడికింత అని. కిలోకి కాదు. కావిడి అంటే రెండు గంపలు. గంప ఎంత పెద్దదో, పైన గోపురంలా ఎన్ని కాయలు పేర్చాలో అది కొనేవాడు చూసే చూపుని బట్టి ఉంటుంది. మన దగ్గర కావిడి లెక్కన కొన్న సరుకు పలాసలో, విజయనగరంలో, విశాఖలో కాయ లెక్కనో కిలో లెక్కనో అమ్ముతారు. ఫోనులో మనకి కనిపించే రేటు ఆ కిలో రేటు. ఈ రెండింటినీ పోల్చడానికి మన దగ్గర కొలబద్ద లేదు.

ఉదాహరణకి ఒక లెక్క అనుకుందాం. కావిడికి 400 రూపాయలు ఇస్తానన్నాడు. కావిడిలో 40 కిలోలు ఉంటే కిలోకి 10 రూపాయలు. అదే గంపలు కాస్త పెద్దవై, మీద పేర్చిన కాయలతో 50 కిలోలు ఉంటే కిలోకి 8 రూపాయలు. రేటు ఎక్కడా తగ్గలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు, కావిడి పెరిగిందంతే. పాతరోజుల్లో కుంచంతో జరిగిందీ ఇదే. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, కొలుచుకునేటప్పుడు ఇంకో కుంచం అని మామ్మలు చెబుతారు. దేశంలో మెట్రిక్ తూనికలకి చట్టం వచ్చి 1956కే, అంటే జీసీసీ పుట్టిన ఏడాదికే, సరిపోయింది. కిలో మన సంతలో ఉల్లిపాయలకీ ఎండుచేపలకీ వచ్చింది. మనం కొనేవన్నీ కిలోల్లో, మనం అమ్మే పళ్లు కావిళ్లలో. ఎందుకలా ఉండిపోయిందో ఎవరు లాభపడుతున్నారో చూస్తే తెలుస్తుంది.

అందుకే మేము అనుకునేది ఇది: ఇప్పుడున్న సెల్ ఫోన్ల కంటే ముందు ప్రతి గూడకీ ఒక ఎలక్ట్రానిక్ కాటా ఉండాలి. కాటా లేని చోట ఫోను సగమే పనిచేస్తుంది. కాటా, ఫోను కలిస్తే కొండ మీదే కిలో లెక్క తెలుస్తుంది, ఫొటో తీసి పెట్టుకోవచ్చు, సంతలో గంప దించేటప్పుడు ఇన్ని కిలోలు అని చెప్పొచ్చు. "కావిడే కదా, తూకం ఏటి" అని కొనేవాడు విసుక్కుంటాడు. విసుక్కున్నాడంటే తూకం వల్ల ఎవరికో నష్టం ఉన్నట్టే కదా.

రేటు సంగతి ఇలా ఉంటే, పుస్తకం సంగతిలో మాత్రం మార్పు గట్టిగానే వచ్చింది. ఇప్పుడు అడ్వాన్సు కూడా ఫోనులోనే వస్తోంది. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు, ఆషాఢంలో నాట్లప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు అవసరానికి ఫోన్ చేస్తే షావుకారు ఫోన్‌పే చేస్తున్నాడు. బంధం పాతదే, సరుకు తనకే వెయ్యాలి. కానీ ఏ తేదీన ఎంత వచ్చింది అన్నది ఇప్పుడు అతని పుస్తకంలోనే కాదు, మన ఫోనులో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కూడా ఉంటోంది. మూడువేలు ఇచ్చి అయిదువేలు రాసుకోవడం మునుపటంత తేలిక కాదు. 1917 చట్టం చెయ్యలేనిది, 1960 రెగ్యులేషన్ చెయ్యలేనిది, ఒక మెసేజ్ కొంతవరకు చేసింది. ఈ ఒక్క మార్పుని మేము చాలా పెద్దదిగా చూస్తున్నాం. అయితే డబ్బు వచ్చిన సంగతే ఫోను చెబుతుంది. తిరిగి కట్టింది సరుకు రూపంలో, కావిళ్లలో. ఆ కావిడికి ఎంత జమ వేశాడో మళ్లీ అతని పుస్తకమే. అంటే లెక్కలో ఒక పక్క మన చేతికొచ్చింది, రెండో పక్క ఇంకా రాలేదు. కావిడి వేసిన ప్రతిసారీ ఎన్ని కిలోలు, ఎంతకి జమ అని అతనికే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. కాదనకపోతే అదే రసీదు.

ఫోను కొత్త షావుకార్లని కూడా తెచ్చింది. యాప్‌లో అయిదు నిమిషాల్లో అప్పు. వీళ్లకి గెడ్డ దగ్గర కాసుకునే పని లేదు, మన ఫోనులో ఉన్న నంబర్లన్నీ తీసుకుని చుట్టాలకి ఫోన్ చేసి పరువు తీస్తారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మీద నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం అప్పు బ్యాంకు నుంచో, లైసెన్సు ఉన్న కంపెనీ నుంచో నేరుగా మన ఖాతాకి రావాలి, మొత్తం ఖర్చు ముందే చెప్పాలి, కాంటాక్టులూ ఫొటోలూ చూడకూడదు. ఫస్టియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఫోనులో నంబర్లు చూడ్డానికి పర్మిషన్ అడిగిన అప్పు యాప్‌ని అక్కడే తీసెయ్యండి.

ఇక అమ్మకం. ఇన్‌స్టా, యూట్యూబ్, అమెజాన్. "ట్రైబల్", "మన్యం", "కొండ తేనె", "అడవి పసుపు" అన్న మాటలకి నగరంలో మంచి గిరాకీ ఉంది. ఒకప్పుడు మనల్ని వెక్కిరించడానికి వాడిన మాటలే ఇప్పుడు సీసా మీద లేబులు. ఆ లేబులు వేసుకునేవాళ్లలో కొండ ఎక్కినవాళ్లు ఎందరో మనకి తెలుసు. సంతలో కొని, హైదరాబాద్‌లో సీసాలో నింపి, ఆకు డొప్ప పట్టుకున్న మన అవ్వ ఫొటో ఒకటి పెట్టి అమ్ముతున్నారు. సరుకు మనది, ముఖం మనది, లాభం దారి వేరు. మన సవర బొమ్మలకీ ఇదే జరుగుతోంది. ఇంటి గోడ మీద పెద్దల కోసం, పంట కోసం, రోగం పోవడం కోసం పూజతో వేసే బొమ్మ అది. ఇప్పుడు ఎవరో డౌన్‌లోడ్ చేసుకుని టీషర్టు మీద అచ్చు వేసేస్తున్నారు.

పేరు సంపాదించడం అంటే ఏమిటో పక్కనున్న అరకు చూపించింది. అరకు కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు, 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని వెనక ఎన్నో ఏళ్ల పని ఉంది: మొక్కలు, పండు ఏరే పద్ధతి, పల్పింగ్, సొసైటీలు, ఆ తర్వాతే ఫొటోలు, వీడియోలు. మన సీతంపేట అనాసకి, కొండ పసుపుకి, కొండచీపురుకి ఫొటోలు ముందొచ్చాయి, మిగతావి ఇంకా రావాలి.

ప్రభుత్వం వైపు నుంచి కూడా దారులు ఉన్నాయి. 2018 ఏప్రిల్ 14న మొదలైన వన్ ధన్ పథకంలో 15 స్వయం సహాయక సంఘాలు, సుమారు 300 మంది కలిస్తే ఒక కేంద్రం, దానికి 15 లక్షల రూపాయల వరకు. 2020 అక్టోబరు 2న ట్రైఫెడ్ వాళ్లు ట్రైబ్స్ ఇండియా ఆన్‌లైన్ మార్కెట్ పెట్టారు. వీటి గురించి మనవాళ్లలో ఎంతమందికి తెలుసని అడిగితే, తెలిసినవాళ్లు ఎక్కువగా మనమే, అంటే సరుకు ఏరనివాళ్లం. తిండి సరుకు అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారికి ఏడాదికి 100 రూపాయలే ఫీజు, కానీ ఆ ఫారం ఇంగ్లీషులో నింపాలి. 2023 అక్టోబరు 1 వరకు ఎంత చిన్నవాడైనా ఆన్‌లైన్ వేదికల మీద వస్తువులు అమ్మాలంటే జీఎస్టీ నంబరు తప్పనిసరి. ఇప్పుడు రాష్ట్రం లోపల అమ్ముకునే చిన్న వ్యాపారులకి పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. ఈ మాట మన పొదుపు సంఘాల అక్కలకి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఒక మధ్యాహ్నం కూర్చుని చెబితే అయిపోయేది. ఇంకోటి, కొరియరువాళ్లు కొండ మీదికి రారు. పోస్టాఫీసు వస్తుంది. స్పీడ్ పోస్టులో కిలో పసుపు పంపితే ఖర్చెంత, అది ధరలో ఎలా కలపాలి అన్న లెక్క వెయ్యకుండా పేజీ తెరిచేసి నెలకే మూసేసినవాళ్లు మన బ్యాచ్‌ల్లోనే ఉన్నారు.

ఐదో షెడ్యూల్లో లేని మన ఊళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మందస, మెళియాపుట్టి వైపు సవరల ఊళ్లు చాలా ఇప్పటికీ షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి రాలేదు. 1/70 అక్కడ వర్తించదు, అందుకని భూమికి కాపలా లేదు. ఇప్పుడు కొండ అంచు జీడితోట "వ్యూ బాగుంది" అని ఒక రీల్‌లో పడిందంటే మర్నాటికే బేరం మొదలవుతుంది. రీల్ తీసేది చాలాసార్లు మనమే. లొకేషన్ పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి.

పోనీ మంచి జరగలేదా అంటే జరిగింది. సీతంపేట దగ్గర ఆడలి వ్యూ పాయింటు, మెట్టుగూడ జలపాతం వీడియోలు తిరగడం మొదలయ్యాక ఆదివారాలు బళ్లు బారులు తీరుతున్నాయి. వాళ్లు పారేసే ప్లాస్టిక్ గురించి ఇంకో పోస్టు రాయాలి. వాళ్ల కోసం మన అమ్మలు, పిన్నులు రోడ్డు పక్కన అనాసలు, సీతాఫలాలు, చీపుళ్లు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఇక్కడ కావిడి లెక్క లేదు, కాయకింత. అడ్వాన్సు ఇచ్చినవాడు లేడు, దారికి ఎదురొచ్చి దింపించేవాడు లేడు. వందేళ్లుగా సరుకు కొండ దిగి కొనేవాడి దగ్గరికి వెళ్లేది, ఇప్పుడు కొనేవాడే కొండెక్కి సరుకు దగ్గరికి వస్తున్నాడు. పడవ లేని మనకి ఫోను చేసిన అసలు మేలు ఇదే అనిపిస్తుంది. సంతలో కావిడికి వచ్చే డబ్బు ఇక్కడ కొన్ని కాయలకే వచ్చేస్తోందని వాళ్లే చెబుతున్నారు. వానపడితే బేరం ఉండదు, వారానికి రెండు రోజులే, అన్ని ఊళ్లకీ రోడ్డు పక్క చోటు దొరకదు, అవన్నీ ఉన్నాయి.

ఆ గంప పక్కన అట్టముక్క మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. చాలా గంపల దగ్గర అది అమ్మ పేరు మీద లేదు. ఆమె ఆధార్‌కి ఫోన్ నంబరు కలవలేదనో, చిన్న ఫోను అనో, పార్వతీపురంలోనో విశాఖలోనో చదువుకుంటున్న కొడుకు ఖాతాదో కూతురి ఖాతాదో పెట్టారు. కొన్నవాడు స్కాన్ చేసి "పడింది అమ్మా" అంటాడు. పడిందో లేదో ఆమెకి తెలియదు, మెసేజ్ ఇక్కడ హాస్టల్‌లో మన ఫోనులో మోగుతుంది. సాయంత్రం ఆమె ఫోన్ చేసి "ఈరోజు ఎంతొచ్చింది నాయినా?" అని అడుగుతుంది. పుస్తకం ఇప్పుడు మన దగ్గరుంది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పేరున ఖాతా, ఆమె నంబరు, ఆమె క్యూఆర్, డబ్బు పడగానే తెలుగులో గట్టిగా చెప్పే చిన్న స్పీకరు పెట్టించి రండి. ఎవరెవరి ఊళ్లో కావిడి ఎన్ని కిలోలు తూగిందో కూడా కాటా మీద చూసి, గంప ఫొటోతో రాసి పట్టుకురండి, సీతంపేట కావిడీ కురుపాం కావిడీ ఒకటేనా కాదా తేలిపోతుంది.